కారు కడగడానికి, చిన్నచిన్న రిపేర్లకి ఏటేటి కొనాలి, ఎలగ వాడాలి: ఉప్పుగాలి ఊళ్ళోళ్ళ కోసం

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కార్లు పైనుంచి పాడవ్వవండి, కిందనుంచి పాడవుతాయి. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం అని చిన్నప్పట్నుంచీ చదువుకున్నదే, రాష్ట్రంలో అన్నిటికన్నా పొడుగు, విజయనగరానికి ఉన్నది 28 కిలోమీటర్లే గానీ ఉప్పుగాలి జిల్లా హద్దు చూసుకుని ఆగదు కదా. నౌపడలో ఉప్పు మడులు ఊరికే వెలవలేదు. ఆ ఉప్పు కారు అడుగున, డోర్ల కింద అంచుల్లో, సైలెన్సర్ జాయింట్ల దగ్గర కూర్చుని గాలిలో తడిని లాక్కుంటానే ఉంటాది, ఎండాకాలంలో కూడా. మరి మనం కారు కొన్న వారంలో కొనేదేటి? డాష్‌బోర్డు మెరవడానికి స్ప్రే, అద్దానికి వేలాడదీసే సెంటు, స్టీరింగ్ కవరు. ఆ డబ్బులకే నిజంగా పనికొచ్చే సామాను సగం వచ్చీసేది. ఏటి కొనాలో, ఏ వరసలో వాడాలో చెప్తాను, మెరుపు సంగతి తర్వాత చూద్దాం.

ముందు కడగడానికి కావాల్సినవి. రెండు బకెట్లు, ఒక కారు షాంపూ డబ్బా, చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ గ్లవ్వు, తుడవడానికి నాలుగైదు మైక్రోఫైబర్ గుడ్డలు, చక్రాలకి వేరే బ్రష్షు, పైపుకి ఒక గట్టి నాజిల్. అంతే, పెద్ద లిస్టేం లేదు. గుడ్డ కొన్నప్పుడు ప్యాకెట్ మీద జీఎస్ఎం అని అంకె ఉంటాది, చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో అది, అద్దాలకి, డాష్‌బోర్డుకి 300 దగ్గర్లోది చాలు, బాడీ ఆరబెట్టడానికి 500 దాటింది తీసుకోండి నీళ్ళు బాగా పీలుస్తాది. షాంపూ 3ఎం, వేవెక్స్, టర్టిల్ వాక్స్ ఏదైనా పర్లేదు, డబ్బా మీద పీహెచ్ న్యూట్రల్ అని ఉంటే చాలు. అంట్లు తోమే లిక్విడ్, సర్ఫు మాత్రం వద్దు, జిడ్డుతోపాటు పెయింటు మీద ఉన్న వాక్సు కూడా ఎత్తుకుపోతాయి. కొబ్బరిపీచు గురించి చెప్పక్కర్లేదనుకున్నాను గానీ ఉద్దానం వైపు ఇంకా దానితోనే బోనెట్లు తోముతున్న మహానుభావులున్నారు, అది గిన్నెలకే ఉంచండి నాయనా.

ఇప్పుడు కడగడం. నీడలో పెట్టండి, ఇంజన్ చల్లారనివ్వండి. సాలూరు ఘాట్ దిగి వచ్చి ఇంటి ముందు ఆపగానే చక్రాల మీద నీళ్ళు కొట్టడం చాలామందికి అలవాటు, బ్రేక్ డిస్కులు సలసల కాగుతుంటాయి అప్పుడు, చన్నీళ్ళు పడితే వంకరపోవచ్చు, తర్వాత బ్రేకు కొడితే పెడలు అదురుద్ది. అరగంట ఆగండి.

మొదట అడుగు. పైపు పట్టుకుని వంగి నాలుగు చక్రాల గూళ్ళలో, బంపర్ల వెనకాల, డోర్ల కింద ఉన్న పొడుగు అంచు లోపలివైపు, వెనక సైలెన్సర్ చుట్టూ బాగా కొట్టండి. ఇక్కడ షాంపూ అక్కర్లేదు, ఉప్పు మామూలు నీళ్ళకే కరిగిపోద్ది, కావాల్సింది నీళ్ళు ఎక్కువసేపు పారడమే. కళింగపట్నం, బారువ, భావనపాడు, చింతపల్లి బీచ్ ఎటెళ్ళొచ్చినా ఆ రాత్రికో మర్నాడు పొద్దునకో ఇది ఒక్కటి చేసీండి, పైన కడక్కపోయినా పర్లేదు. ఇసకలోకి కారు దింపి ఫొటో తీసుకున్నవాళ్ళయితే మరీను. ఇంటి దగ్గర బోరు నీళ్ళే ఉప్పగా ఉంటే మాత్రం దానితో అడుగు కడగడం దండగ, వాటర్ సర్వీసింగ్ షాపుకి తీసుకెళ్ళి ర్యాంపు ఎక్కించి అండర్ బాడీ వాష్ అడగండి, అక్కడ కూడా ఏ నీళ్ళు కొడతన్నాడో ఓసారి అడగడం తప్పు కాదు.

డోర్లు తీసి అడుగు అంచు చూడండి, చిన్న చిన్న కన్నాలుంటాయి, లోపలికి పోయిన వాననీళ్ళు బయటికి పోడానికి. ఎర్రమట్టి రోడ్లలో తిరిగే కార్లకి అవి మూసుకుపోతాయి. జిప్ టై ముక్కతో పొడిచి తెరవండి. డోరు కింద తుప్పు ఎక్కువ లోపలినుంచే మొదలవుద్ది, దానికి కారణం ఈ మూసుకుపోయిన కన్నాలే.

తర్వాత చక్రాలు, వాటి బ్రష్షుతో. ఆ బ్రష్షు, ఆ నీళ్ళు మళ్ళీ బాడీకి వాడకూడదు. అప్పుడు బాడీ మీద ఒట్టి నీళ్ళు పైనుంచి కిందకి, దుమ్మంతా జారిపోయేదాకా. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల దుమ్మయినా, గరివిడి చీపురుపల్లి వైపు మాంగనీసు నల్లదుమ్మయినా పొడిగుడ్డేసి రుద్దితే వాటర్ పేపరు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, వేసి రుద్దినట్టే. పొద్దున్నే ఈకల డస్టర్ పట్టుకుని టపటపా కొట్టే అలవాటు కూడా అలాంటిదే, బండి నల్లరంగుదైతే ఏడాది తర్వాత ఎండలో నిలబెట్టి చూడండి సాలీడు గూడు గీతలు కనిపిస్తాయి.

రెండు బకెట్లు ఎందుకంటే ఒకదాన్లో షాంపూ నీళ్ళు, ఒకదాన్లో ఒట్టి నీళ్ళు. గ్లవ్వు షాంపూలో ముంచాలి, ఒక డోరు రుద్దాలి, ఒట్టి నీళ్ళ బకెట్లో ఝాడించి పిండాలి, మళ్ళీ షాంపూలో ముంచాలి. అయిపోయాక ఆ రెండో బకెట్ అడుగున చూడండి ఇసక పేరుకుని ఉంటాది, ఒక్క బకెట్ అయితే ఆ ఇసకంతా మళ్ళీ మళ్ళీ పెయింటు మీదకే పోయేది. టాపు ముందు, అద్దాలు, బోనెట్టు, డోర్ల పైభాగం, కిందభాగం ఆఖర్న. షాంపూ ఎండిపోకముందే నీళ్ళు పోసీసి పెద్దగుడ్డ పరిచి లాగండి, రుద్దకండి. గాలికి ఆరనిస్తే మన బోరు నీళ్ళకి తెల్లచుక్కలు ఖాయం. అద్దాల మీద ఆ చుక్కలు ఇప్పటికే ఉంటే తెల్ల వెనిగరూ నీళ్ళూ సగంసగం కలిపి గుడ్డతో అద్ది రెండు నిమిషాలుంచి తుడిచి కడిగీండి, పెయింటు మీద మాత్రం వెనిగరు ఎండనివ్వకండి.

ఇక మరకలు. హైవే మీద తారు పనులు జరుగుతున్నప్పుడు కింద డోర్ల మీద నల్లచుక్కలు పడతాయి, వాటిని గోరుతో గీకితే పెయింటు పోద్ది. తారు రిమూవర్ అని అమ్ముతారు, లేదంటే డబ్ల్యూడీ-40 గుడ్డ మీద కొట్టి చుక్క మీద అద్ది ఒక నిమిషం ఆగి తుడిస్తే కరిగి గుడ్డకి వచ్చీస్తాది, తర్వాత ఆ చోట షాంపూతో కడగాలి. పాతకాలం డ్రైవర్లు కిరసనాయిలు వాడేవారు, పని చేస్తాది, కాకపోతే రబ్బరు బీడింగుల్ని ఉబ్బించేస్తాది, వాసన వదలదు. పక్షి రెట్టలో యూరిక్ యాసిడ్ ఉంటాది, ఎండలో ఒక్కరోజు ఉన్నా క్లియర్ కోటు మీద, అంటే రంగు పైన ఉండే అద్దంలాంటి పొర మీద, మచ్చ పడిపోద్ది, తడి టిష్యూ దాని మీద పరిచి అయిదు నిమిషాలు నాననిచ్చి ఎత్తీయండి. పలాస, కాశీబుగ్గ వైపు జీడితోటల్లో బండి పెడితే పండు రసం కారి ఎండిపోతాది, దానికీ నానబెట్టడమే మందు, గోరువెచ్చని నీళ్ళయితే ఇంకా మంచిది. కొబ్బరిచెట్టు కింద పెట్టేవాళ్ళకి నేను చెప్పగలిగే ప్రాడక్టేదీ లేదు.

కడిగాక కూడా చేత్తో తడిమితే పెయింటు గరుకుగా తగులుతుందా? అది పెయింటులో ఇరుక్కున్న ఇనుప రవ్వలు, ఫ్యాక్టరీల పక్కన, రైల్వే లైను పక్కన ఉన్నోళ్ళకి ఎక్కువ. క్లే బార్ అని బంకమట్టి ముద్దలాంటిది దొరుకుద్ది, షాంపూ నీళ్ళు కొట్టి జారుడుగా ఉన్నప్పుడే మెల్లగా దాన్ని రుద్దితే రవ్వలు లాగీసుకుంటాది. కింద పడితే మాత్రం ఇసక అంటుకుంటాది, ఆ ముద్ద పారేయాల్సిందే, కడిగి వాడకండి. దాని తర్వాత వాక్సు రాయాలి, మూణ్ణెల్లకోసారి ఒకపూట పని, ఫార్ములా 1 లాంటి పేస్ట్ వాక్స్ పల్చగా రాసి మసకబారాక తుడిచీడమే.

మెరుపు అయిపోయింది, ఇప్పుడు తుప్పు. చక్రాల గూట్లోనో డోరు అంచునో గోధుమరంగు చుక్క కనపడితే సంక్రాంతికి చూద్దాంలే అనుకోకండి. వైరు బ్రష్షుతో ఊడొచ్చేదంతా రాల్చండి, 120 నంబరు గరుకు కాగితంతో చుట్టూ ఒక అంగుళం గట్టి పెయింటు వచ్చేదాకా గీకండి, తిన్నర్‌తో తుడిచి ఆరనివ్వండి. దాని మీద రస్ట్ కన్వర్టర్ బ్రష్షుతో రాయాలి, దాన్లో ఉండే టానిక్ యాసిడ్ మిగిలిన తుప్పుతో కలిసి నల్లటి గట్టి పొరగా మారుద్ది, ఆ నలుపు చూసి కంగారుపడకండి, అదే కావాల్సింది. డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి ప్రైమర్, దాని మీద పెయింటు. అడుగు భాగమైతే పెయింటు బదులు అండర్ బాడీ కోటింగు స్ప్రే చాలు. సైలెన్సరుకీ, తిరిగే షాఫ్టులకీ, బ్రేకులకీ ఆ కోటింగు తగలకూడదు, పాత పేపరు చుట్టి టేపేసి మొదలెట్టండి. తుప్పు వేలితో నొక్కితే లోపలికి పోతుందంటే ఇంక డబ్బాల పని కాదు, వెల్డింగు పని.

అడుగున వంగినప్పుడే ఇంకోటి చూడండి. పంట కోతలయ్యాక మన రోడ్ల మీద ఉలవలు, పెసలు, నువ్వులు నూర్చడానికి ఎండిన మొక్కలు పరిచీస్తారు, బళ్ళు తొక్కితే గింజ రాలుద్దని. ఎత్తు తక్కువున్న కారు దాని మీంచి వెళ్తే ఆ తీగ ఇరుసులకి చుట్టుకుని, సైలెన్సర్ పైన ఇరుక్కుని ఉండిపోద్ది, సైలెన్సరు వేడికి అంటుకుంటే బండే కాలిపోద్ది. అలాంటి కుప్ప ఎదురైతే పక్కనుంచి వెళ్ళే దారి చూడండి, లేదంటే దాటిన వెంటనే కాస్త ముందుకెళ్ళి ఎండుగడ్డి లేని చోట ఆపి కిందకి చూడండి. ఒక తోలు గ్లవ్వు, కొడవలి ఆకారం చిన్న కత్తో లేకపోతే గట్టి కట్టరో డిక్కీలో పెట్టుకుంటే ఇరుసుకి చుట్టుకున్నది కోసి లాగడానికి పనికొస్తాది. ఇంజన్ ఆపాకే, హ్యాండ్‌బ్రేకు వేశాకే. సైలెన్సర్ దగ్గర వేలు పెట్టకండి, కర్రతో లాగండి.

గీతల సంగతికొద్దాం. గీత మీద గోరు అడ్డంగా పోనివ్వండి. గోరు ఆగకపోతే అది పైన క్లియర్ కోటు మీద గీతే, రబ్బింగ్ కాంపౌండు (గీతని అరగదీసే పేస్టు) కొంచెం మైక్రోఫైబర్ మీద వేసి ఇటూఅటూ ఒక జానెడు మేర రుద్దితే పోద్ది, తర్వాత పాలిష్, తర్వాత వాక్సు. అలాగని ప్రతి ఆదివారం రుద్దకండి, మొత్తం పెయింటే సుమారు 100 మైక్రాన్ల మందం, అందులో పై పొర సగం కూడా ఉండదు, ఒకసారి అరిగిపోతే మళ్ళీ రాదు. గోరు ఆగితే టచప్ పెయింటు కావాలి. రంగు పేరు కాదు, కోడు చెప్పి కొనండి, మారుతీలోనే సుపీరియర్ వైట్ వేరు, పెర్ల్ ఆర్కిటిక్ వైట్ వేరు, తెలుపంటే తెలుపే కదా అని తెచ్చీస్తే అతుకు వేసినట్టు కనపడుద్ది. కోడు బోనెట్టు కింద ప్లేటు మీదో డోరు పక్కన స్టిక్కరు మీదో ఉంటాది, కనపడకపోతే ఛాసిస్ నంబరిస్తే షోరూములో చెప్తారు. సీసాతో వచ్చిన బ్రష్షు లావుగా ఉంటాది, దానితో రాస్తే గడ్డకట్టినట్టు వస్తాది, అగ్గిపుల్ల చివర చెక్కి దానితో గీత లోపలే చుక్కచుక్కగా పెట్టండి, ఆరాక ఇంకో పొర, ఆరాక ఇంకోటి.

హెడ్‌లైట్లు పచ్చబడిపోయాయంటే అద్దం కాదది, పాలీకార్బనేట్ ప్లాస్టిక్, మీద ఉన్న కోటింగు ఎండకి పోయి పసుపెక్కుతాది. చలికాలం పొద్దున పొగమంచులో పైడిభీమవరం దాటి హైవే మీద వెళ్ళేవాళ్ళకి ఇది అందం విషయం కాదు. టూత్‌పేస్టు రుద్దితే వారం పది రోజులు బాగుంటాది, మళ్ళీ మామూలే. సరిగ్గా చెయ్యాలంటే చుట్టూ పెయింటుకి మాస్కింగ్ టేపు అంటించండి, పెయింటు షాపులో వాటర్ పేపరు 1000, 2000, 3000 నంబర్లు తెచ్చుకుని నీళ్ళు పోసుకుంటా అదే వరసలో రుద్దండి. మొదట పాలలాగ తెల్లగా అయిపోద్ది, పాడు చేసీసాం అనిపిస్తాది, కంగారొద్దు, 3000 అయ్యేసరికి మసకగా అయినా ఒకేలాగ వస్తాది, దాని మీద కాంపౌండు పాలిష్ కొడితే తేటబడుద్ది. ఇక్కడ ఆపేస్తే కొన్ని నెలల్లో మళ్ళీ పసుపే, కాబట్టి ఎండని ఆపే యూవీ కోటింగు స్ప్రే తప్పకుండా వెయ్యాలి. అది దొరక్కపోతే దొరికేదాకా ఈ పని మొదలెట్టకండి.

బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా పచ్చగా చిలుము పడుద్ది, మన గాలికి ఇంకా తొందరగా. స్టార్టింగ్ ట్రబుల్ అని బ్యాటరీ మార్చీసిన కేసుల్లో కొన్ని ఉత్త చిలుము కేసులే. పానా చాలామటుకు 10 నంబరుది. ఇంజన్ ఆపి ముందు మైనస్ వైరు విప్పాలి, తర్వాత ప్లస్, బిగించేటప్పుడు ముందు ప్లస్, ఆఖర్న మైనస్. ఈ వరస తప్పితే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. వంటసోడా ఒక చెంచా గ్లాసు నీళ్ళలో కలిపి పాత టూత్‌బ్రష్షుతో రుద్దండి, బుసబుసా పొంగుద్ది, పొంగడం ఆగిందంటే యాసిడ్ అయిపోయినట్టు. బ్యాటరీ మూతలుంటే సోడా లోపలికి పోకుండా చూసుకోండి. తడి తుడిచి ఆరనిచ్చి వైర్లు బిగించి పైన వాసెలిన్ పల్చగా రాసీండి, గాలి తగలదు. కళ్ళద్దాలు, గ్లవ్వులు పెట్టుకోండి, ఆ పొడి కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు. క్లాక్, రేడియో స్టేషన్లు మళ్ళీ సెట్ చేసుకోవాలి అంతే.

పంచర్ కిట్టు అందరి డిక్కీలో ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఆరేడు వందల్లోపే ట్యూబ్‌లెస్ కిట్టు వస్తాది, రెండువేల అటూఇటూలో సిగరెట్ లైటర్‌కి పెట్టుకునే 12 వోల్టుల గాలి కంప్రెసరు వస్తాది. సీతంపేట, కురుపాం వైపు రాత్రిపూట పంచర్ షాపు వెతుక్కునే కన్నా ఇది నయం. మేకు దిగితే పీకీకండి వెంటనే, సామాను చేతికొచ్చాక పీకాలి.

1. చదునైన చోట ఆపి హ్యాండ్‌బ్రేకు, పార్కింగ్ లైట్లు వెయ్యండి. మేకు ఎక్కడుందో చూడండి. రోడ్డుకి ఆనే భాగంలో అయితేనే ఈ పని, పక్క గోడకో భుజానికో దిగితే స్టెప్నీ మార్చుకోవడమే. కన్నం 6 మిల్లీమీటర్లకన్నా పెద్దదైనా అంతే.
2. తాడులాంటి స్ట్రిప్పుని సూది కన్నంలో దూర్చి రెండు కొసలు సమానంగా లాగి పెట్టుకోండి, దాని మీద సొల్యూషన్ రాయండి.
3. మేకు ఏ కోణంలో దిగిందో గుర్తు పెట్టుకుని కట్టింగ్ ప్లేయరుతో పీకండి. అదే కోణంలో గరుకు పుల్లలాంటి రీమర్ గుచ్చి తిప్పుతా నాలుగైదుసార్లు పైకీ కిందకీ ఆడించండి. దీనికి బలం కావాలి, మోకాలు ఆన్చి ఒళ్ళు బరువంతా వెయ్యాల్సొస్తాది, లోపల స్టీలు వైర్లు కరకరమంటాయి, అవి నున్నగా అవ్వకపోతే స్ట్రిప్పుని కోసీస్తాయి.
4. రీమర్ తీసీగానే సూది గుచ్చండి, బయట ఒక సెంటీమీటరు కొసలు మిగిలేదాకా తోసి, తిప్పకుండా నిటారుగా ఒక్క ఊపున లాగీండి. స్ట్రిప్పు లోపల ఉండిపోద్ది.
5. కొసలు కొంచెం ఉంచి కోసీసి గాలి పట్టండి. ఎంత పట్టాలో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద ఉంటాది, చిన్న కార్లకి ఎక్కువగా 30 నుంచి 35 పీఎస్ఐ మధ్యే. కంప్రెసరు తిరుగుతున్నప్పుడు ఇంజన్ ఆన్‌లో ఉంచండి, బ్యాటరీ దిగదు.
6. షాంపూ నీళ్ళో ఉమ్మో రాసి బుడగలు చూడండి. బుడగ వస్తే పక్కన ఇంకో స్ట్రిప్పు.

ఇలగ వేసింది చాలాకాలం నడుస్తాది గానీ పంచర్ షాపులో లోపలినుంచి ప్యాచ్ వేయించుకుంటే నిశ్చింత, ముఖ్యంగా హైవే మీద స్పీడుగా తిరిగేవాళ్ళు.

ఫ్యూజులు. చార్జింగ్ సాకెట్టో, హారనో, వైపరో ఉన్నట్టుండి ఆగిపోతే మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు ఫ్యూజు డబ్బా తెరవండి, మూత మీద ఏది దేనిదో బొమ్మలుంటాయి. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. లోపల తీగ తెగితే అదే రంగుది వెయ్యండి. నీలం దొరకలేదని ఆకుపచ్చ వేసీడం, సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టీడం చేస్తే ఫ్యూజు బదులు వైరు కాలుద్ది.

అతుకుల సామాను. ఎంసీల్, ఫెవిక్విక్, రెండువైపులా అంటుకునే 3ఎం టేపు, జిప్ టైలు, బంపరు క్లిప్పులు ఒక పదిపన్నెండు, ఇన్సులేషన్ టేపు. వీటిలో ఎక్కువ పనికొచ్చేవి జిప్ టైలే, స్పీడ్ బ్రేకరుకి తగిలి ఇంజన్ కింద ప్లాస్టిక్ షీటు వేలాడితే రెండు జిప్ టైలతో కట్టి ఇంటికొచ్చీవచ్చు, తర్వాత సరైన క్లిప్పు వేసుకోవాలి, వేలాడేది సైలెన్సరుకి ఆనకుండా చూడాలి. క్లిప్పులు సాలూరులోనో విజయనగరంలోనో స్పేర్ పార్టుల షాపుకి పాతది పట్టుకెళ్తే చూసి ఇచ్చీస్తారు. ఫెవిక్విక్ డాష్‌బోర్డు మీద వాడకండి, దాని ఆవిరికి చుట్టూ తెల్లబూజులాగ పడి పోదు. ఎంసీల్ రెండు ముద్దలూ ఒకే రంగొచ్చేదాకా పిసికితేనే గట్టిపడుద్ది, సైలెన్సర్ వేడికి మాత్రం ఆగదు. టేపు అంటించే ముందు శానిటైజరుతో తుడవండి, తడిగాలి రోజున అంటించకండి.

కిర్రుకిర్రుమనే డోరు కీలుకి చాలామంది డబ్ల్యూడీ-40 కొట్టి వదిలీస్తారు. ఆ పేరులోనే నీటిని తరిమేది అని ఉంది, 1953లో అమెరికాలో తుప్పు రాకుండా ఉండడానికి కనిపెట్టిన సరుకది, పట్టేసిన బోల్టు వదులవడానికి, తడి పోగొట్టడానికి బాగుంటాది, గ్రీజులాగ నిలబడదు. దానితో కడిగి తుడిచి పైన తెల్లగ్రీజు రాయండి. కిటికీ అద్దం బరువుగా లేస్తుంటే రబ్బరు గాడిలో సిలికాన్ స్ప్రే కొట్టాలి, గ్రీజు కాదు, గ్రీజుకి దుమ్మంటుకుంటాది.

లోపలి వాసనకొస్తే, ఎండుచేపలు తెచ్చిన డిక్కీ సంగతి మనందరికీ తెలుసు. సెంటు కొడితే చేపా సెంటూ కలిసి మూడో వాసనొస్తాది. మ్యాటు తీసి షాంపూతో కడిగి ఎండేసి, డిక్కీ గుడ్డ మీద వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున వాక్యూమ్‌తో లాగీండి, రెండుసార్లు చేస్తే పోద్ది. ఏసీ వాసనయితే గ్లవ్ బాక్సు వెనక ఫిల్టరు చూడండి, చాలా కార్లలో చేత్తోనే బయటికొస్తాది, ఊక, దుమ్ము, ఎండాకులు దాన్లోనే ఉంటాయి, నల్లబడితే కడక్కండి మార్చీండి. పకోడీ పొట్లం, జీడిపప్పు పొట్టు బండిలో వదిలితే ఎలకలు, ఎలకలొస్తే వైర్లు. బోనెట్టులో పొగాకు కట్టలు పెట్టేవాళ్ళున్నారు, నాఫ్తలీన్ ఉండలు పెట్టేవాళ్ళున్నారు, వాసన ఉన్నన్నాళ్ళే. ఒకేచోట రోజుల తరబడి బండి ఆపకుండా, కింద గడ్డి లేకుండా, రాత్రి బోనెట్టు కాస్త తెరిచి ఉంచితే ఎక్కువ ఫలితం.

తుపాను వానలకి, తిత్లీ లాంటిది రానక్కర్లేదు, మామూలు అక్టోబరు వాయుగుండానికే, బండి సీటు దాకా మునిగితే వీటిలో ఏ డబ్బా పనికిరాదు. స్టార్ట్ చెయ్యకండి, సిలిండర్లలోకి నీళ్ళెళ్ళి ఉంటే రాడ్లు వంగిపోతాయి. బ్యాటరీ మైనస్ విప్పి లాగించుకెళ్ళండి.

ఈ సామానంతా ఒక ప్లాస్టిక్ డబ్బాలో సర్దండి. డిక్కీలో ఉండాల్సినవి పంచర్ కిట్టు, కంప్రెసరు, పానాలు, ఫ్యూజులు, జిప్ టైలు, టార్చి, గ్లవ్వులు. స్ప్రే డబ్బాలు మాత్రం ఇంట్లో నీడలోనే పెట్టండి, వాటి మీదే రాసుంటాది 50 డిగ్రీలు దాటకూడదని, మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన కారు లోపల అంతకన్నా ఎక్కువే ఉంటాది.